కనబడని దెబ్బకీ లెక్క ఉంది

“డాక్టరు గారూ, పరీక్షలన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. మరి మా వాడికి ఏమిటీ బాధ?” అని అడిగే తల్లిదండ్రులు నా ఓ.పి.కి తరచూ వస్తుంటారు. “ఏమీ లేదండీ, టెన్షన్ అంతే” అని ధైర్యం చెప్పి పంపేవాణ్ణి. ఆ జవాబు ఎంత పొరపాటో నాకు ఈమధ్య ఒక ఆట నేర్పింది. అవును, వైద్యగ్రంథం కాదు, పిల్లల ఆటే! నవ్వకుండా చివరిదాకా చదవండి.

మా అబ్బాయి నీట్ పరీక్ష రెండోసారి రాయడానికి ఒక ఊళ్ళో హాస్టల్లో ఉండి లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటున్నాడు. దసరా సెలవులకు ఇంటికొచ్చాడు. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు కూడా వస్తూ వస్తూ ఒక లావుపాటి పుస్తకం, ఒక సంచీడు పాచికలు తెచ్చాడు. ఆట పేరు పాత్‌ఫైండర్. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ తరహా ఆటలకు పెద్దన్న. పాత్‌ఫైండర్ 2009లో వచ్చింది. దాని రెండో కూర్పు 2019లో వచ్చింది.

మన వైకుంఠపాళిలాగా ఇందులో నిచ్చెనలూ పాములూ ఉండవు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు వైద్యుడు, ఇలా తలో పాత్రా ధరిస్తారు. పని జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ప్రతి పాత్రకూ హిట్ పాయింట్లని కొన్ని అంకెలుంటాయి. ప్రాణబలం అనుకోండి. కత్తి దెబ్బ తగిలితే కొన్ని పోతాయి, నిప్పు అంటుకుంటే కొన్ని పోతాయి. సున్నాకి వస్తే స్పృహ తప్పి పడిపోవడమే.

మా వాడు కత్తివీరుడు. ఒంటినిండా ఇనప కవచం. ప్రాణబలం 68. కథలో ఒక మాంత్రికుడు ఎదురై వీడి మీద ఒక మంత్రం వేశాడు. ఎవరికి ఏది అన్నిటికన్నా భయమో ఆ రూపంలో ఒక భూతం వచ్చి మీద పడుతుందట. విచిత్రమేమిటంటే ఆ భూతం దెబ్బ తినేవాడికొక్కడికే కనబడుతుంది. మంత్రం వేసినవాడికి లీలగా ఒక నీడ కనబడుతుంది. పక్కనున్న స్నేహితులకు ఏమీ కనబడదు. నిభాయించుకోవడానికి మా వాడు పాచిక వేశాడు. ఓడిపోయాడు. మేనల్లుడు ఆరు ముఖాల పాచికలు ఎనిమిది దొర్లించి కూడాడు. 31 వచ్చింది. మా వాడు కాగితం మీద 68 కొట్టేసి 37 అని రాసుకున్నాడు. పైగా ‘భయం 2’ అని పక్కన గుర్తు పెట్టుకున్నాడు. అది ఉన్నంతసేపు ఏ పని తలపెట్టి పాచిక వేసినా రెండేసి తగ్గించుకోవాలి.

నేను పత్రిక పక్కన పెట్టి అడిగాను. “ఇదేం లెక్కరా? కత్తి తగల్లేదు, బాణం తగల్లేదు. లేనిదాన్ని చూసి బెదిరితే ప్రాణం తగ్గడమేమిటి?”

“దాన్నే మెంటల్ డామేజ్ అంటారు మావయ్యా. మనసుకి తగిలిన దెబ్బ. దానికి వేరే ఖాతా లేదు. కత్తి దెబ్బ ఎందులోంచి తీసేస్తామో ఇదీ అందులోంచే తీసేస్తాం” అన్నాడు మేనల్లుడు.

అప్పుడు మా అబ్బాయి తల ఎత్తకుండానే అన్నాడు. “చూశావా నాన్నా, నాకు కనబడింది వీళ్ళెవరికీ కనబడలేదు. అయినా ముప్ఫై ఒకటి పోయాయని అందరూ ఒప్పుకున్నారు.”

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు. జూలైలో వాడు కడుపునొప్పి అని ఫోను చేస్తే ఇంటికి తీసుకొచ్చాను. స్కానింగు తీయించాను, రక్తపరీక్షలు చేయించాను, గ్యాస్ మాత్రలు ఇచ్చాను. “అన్నీ నార్మలే. హాయిగా నిద్రపో, అదే పోతుంది” అని మళ్ళీ హాస్టల్లో దింపి వచ్చాను. ముప్ఫై ఏళ్ళుగా రోగులను చూస్తున్నవాణ్ణి నా కొడుకు ముఖం చూడలేకపోయాను.

లేచి వెళ్ళి వాడి మంచం మీద కూర్చున్నాను. వాడూ మేలుకునే ఉన్నాడు. “ఎన్ని పోయాయి నాన్నా?” అని అడిగాను. కాసేపటికి చెప్పడం మొదలుపెట్టాడు. మూడు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందట. చదివింది బుర్రకెక్కడం లేదట. అన్నం చూస్తే కడుపులో తిప్పుతోందట. “చచ్చిపోవాలనిపించిందా?” అని సూటిగా అడిగాను. “లేకుండా పోతే బాగుణ్ణనిపించింది” అన్నాడు. మర్నాడే నా మిత్రుడైన మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. కుంగుబాటు అని తేల్చి మందులు ప్రారంభించాడు. ఇప్పుడు కోలుకుంటున్నాడు. వాడి అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను.

ఇక ఆ ఆట నియమాల్లో ఒక వైద్యుడిగా నాకు నచ్చినవి చెబుతాను.

మొదటిది, ఒంటికీ మనసుకీ ఒకటే ఖాతా. ఇది కల్పన కాదు. టాకోట్‌సుబో అనే గుండె జబ్బును 1990లో జపాను వైద్యులు వర్ణించారు. అయినవాళ్ళు పోయిన దుఃఖంలాంటి పెద్ద అఘాతం తగిలినప్పుడు ఎడమ జఠరిక కొస ఉబ్బి, ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలోకి వస్తుంది. ఛాతీలో నొప్పి, ఇ.సి.జి.లో మార్పులు, అన్నీ గుండెపోటులాగే ఉంటాయి. దానికి కారణమయ్యే అడ్డు మాత్రం రక్తనాళాల్లో కనబడదు. నెలసరి ఆగిన స్త్రీలలో ఎక్కువ. చాలామంది కొద్ది వారాల్లో కోలుకుంటారు గాని ప్రాణం మీదికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. మనసుకి తగిలిన దెబ్బ గుండె మీద కనబడిందన్నమాట. మా వాడికి కడుపులో కనబడింది.

రెండవది, కవచం ఇక్కడ పనిచేయదు. కత్తిని ఆపే ఇనుము ఈ దెబ్బని ఆపదు. దీనికి మనోనిబ్బరం లెక్క వేరే ఉంది. అదీ పాచిక మీదే ఆధారపడింది. నిన్న నిలబడ్డవాడు ఇవాళ పడిపోవచ్చు. నిలబడ్డవాడికీ కొంత దెబ్బ తగులుతుంది. ఆ మంత్రానికి తట్టుకున్నవాడు కూడా నాలుగు పాచికల దెబ్బ తినాల్సిందే. “వాడు మగాడు, ధైర్యస్థుడు, వాడికేమీ కాదు” అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మూడవది, ఆ ఆటలో నడిచే శవాలకు ఈ దెబ్బ అస్సలు తగలదు. ఎందుకంటే వాటికి మనసు లేదు. మీ అమ్మాయి మాటకి నొచ్చుకుంటే “ఇంత సున్నితమైతే ఎలా బ్రతుకుతావే?” అంటారు. నొచ్చుకోవడం లోపం కాదమ్మా, మనసుందని గుర్తు.

నాలుగవది వైద్యం. ఆ ఆటలో ఒక్క రాత్రి నిద్రతో పోయిందంతా తిరిగి రాదు, కొంతే వస్తుంది. వైద్యం తెలిసిన తోటివాడు పెట్టె తెరిచి పది నిమిషాలు పక్కన కూర్చుంటే మరికొంత వస్తుంది. కత్తి గాయమా మనసు గాయమా అని అతను తేడా చూడడు. “నిద్రపోతే అదే పోతుంది” అన్న నా సలహా ఆటలో కూడా చెల్లదన్నమాట!

అయితే ఆట ఆటే. అక్కడ ‘భయం 2’ రెండు వంతులు తిరిగేసరికి సున్నా అయిపోతుంది. కథలో అది పన్నెండు సెకన్లు. మన ఇళ్ళలో అలా కాదు. కుంగుబాటుకి మందు వాడితే గుణం తెలియడానికే కొన్ని వారాలు పడుతుంది. కాస్త తేలికపడగానే సొంతంగా మానేయకూడదు. ఇంకో తేడా ఉంది. ఆటలో ఎంత పోయిందో కాగితం మీద రాసి ఉంటుంది. ఇక్కడ అడిగి తెలుసుకోవాలి.

అంచేత మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉంటున్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా, నిద్రా ఆకలీ తప్పినా, పరీక్షల్లో ఏమీ కనబడని నొప్పులు వేధిస్తున్నా, వైద్యుడికి చూపించండి. చావు ఆలోచన ఉందా అని అడగడానికి జంకకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చెప్పుకునే దారి దొరికిందని వాళ్ళే ఊపిరి పీల్చుకుంటారు. ఉందంటే మాత్రం వాళ్ళని ఒంటరిగా వదలకండి. మందులూ పురుగుమందులూ అందకుండా దాచి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నెంబరుకి ఫోను చేస్తే పగలైనా రాత్రైనా ఉచితంగా మాట్లాడతారు. తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మా వాడు సంక్రాంతికి మళ్ళీ వస్తాడు. ఈసారి ఆటలో నాకూ ఒక పాత్ర ఇస్తామన్నారు. వైద్యుడి పాత్రే అడిగాను. పది నిమిషాలు పక్కన కూర్చోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను కదా!