సింగరాయకొండలో పెరటితోట

ఒంగోలునకు దక్షిణముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, విజయవాడనుండి చెన్నపట్టణము పోవు రైలుదారిలో సింగరాయకొండ యను నూరు గలదు. ఇచ్చటి కొండపై వరాహ లక్ష్మీనరసింహస్వామి కొలువైయున్నాడు. తూర్పున కొలది దూరముననే పాకల సముద్రతీరము. రైలు కిటికీనుండి చూచువారికి తాటిచెట్లును, సరుగుడు తోపులును, ఇసుకనేలయు కనబడి, ఇచ్చట పూలేమి పూయును, కూరలేమి కాయును అని తోచుట సహజము. పూయును, కాయును. కాని గుంటూరు సీమలోని నల్లరేగడి ఒక వానను త్రాగి బహుదినములు దాచుకొన్నట్లు మా యిసుక దాచదు. ఉదయమున పోసిన నీరు త్వరలోనే వేళ్లను దాటి దిగిపోవును. కావున మా పెరటితోట యనగా మొదట నీటి పొదుపు. తరువాతనే పూలును కూరలును.

సోదరీమణులు నూతినిగూర్చి యొక సంగతి తెలిసికొనవలెను. సముద్రతీరపు టిసుకలో, వానవలన దిగిన మంచినీరు బరువైన యుప్పునీటిమీద మీగడవలె తేలియుండును. శాస్త్రజ్ఞుల లెక్కప్రకారము, సముద్రమట్టమునకు పైన ఒక్క యడుగు మంచినీరున్నచో క్రింద సుమారు 40 అడుగులవరకు మంచినీరే యుండును. పైన నొక యడుగు తరిగినచో క్రమముగా క్రిందినుండి యుప్పునీ రంతమేర పైకి వచ్చును. చేదతో తోడుకొన్నప్పు డీ మీగడ యంతగా చెదరదు. మోటారుతో గంటలకొలది లాగినచో చెదరును. తీరమున రొయ్యల చెరువులు పెరిగినపిమ్మట నీ భయము హెచ్చినది. 1996వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన సుప్రీముకోర్టు ఆ చెరువులపై నిచ్చిన తీర్పులో, త్రాగునీరును పంటనేలయు ఉప్పుబారుట ముఖ్యవిషయములలో నొకటి. నూతినీరు ఉప్పెక్కినచో చిక్కుడుతీగె త్వరగా తెలియజేయును. దాని యాకుల యంచులు మాడును. గన్నేరును, కొబ్బరియు, కాగితపుపూల తీగెయు కొంత యుప్పును సహించును.

అందుచే మేము వైశాఖమున చెరువు లెండినప్పుడు బండెడు ఒండ్రుమట్టి తెప్పించి, మాగిన పశువుల యెరువుతో కలిపి పాదులలో వేయుదుము. దానివలన నిసుకకు చెమ్మ పట్టియుంచు గుణము వచ్చును. పాదులపై ఎండుటాకులు పరతుము. తీగె ప్రక్కన, మూతిమాత్రము పైకుండునట్లు మట్టికుండను పాతి నీరు నింపినచో, ఆ నీరు కుండ గోడలనుండి యూరి వేళ్లకు నెమ్మదిగా నందును. బియ్యము కడిగిన నీరును, కూరలు కడిగిన నీరును ఆకుకూరల మడికి పోవును. సబ్బునీరు మాత్రము వానికి తగదు.

చైత్ర వైశాఖములలో నీరు కొరతపడి, మల్లెకు పోయుదుమా, కూరకు పోయుదుమా యను ప్రశ్న యింటింటను పుట్టును. పూలు విలాసమనియు, కూరలే యవసరమనియు కొందరందురు. కాని యేడాదియంతయు పెంచిన మల్లె విరియబూయు కాలమిదియే. ఇప్పుడు మాన్పుట యన్యాయము. కావున మేము మల్లెకును, కరివేపకును, ఒక్క తోటకూర మడికిని నీరు కేటాయించి, తక్కిన మళ్లను విశ్రాంతిగా విడుతుము. తోటకూర నెలదినములలో చేతికి వచ్చును గనుక ఆ నీరు వృథాపోదు. కాళిదాసు శకుంతల చెట్లకు పోయనిదే తాను త్రాగదట. ఆమెకు మాలినీనది యుండెను, మాకు నుయ్యి మాత్రమే యున్నది. మా యింట మేము వాడిన నీరే చెట్లు త్రాగును.

జ్యేష్ఠమున మృగశిరకార్తె వచ్చి తొలకరి పడగానే బీర, పొట్ల, కాకర, సొర గింజలు పాతుదుము. సొరపూవు సాయంకాలమున విచ్చును. పురుగులు వాలక పిందెలు రాలుచున్నచో, మగపూవును త్రుంచి యాడపూవునకు తాకించిన కాయ నిలుచును. ఆషాఢమున గోరింటాకు కోతతోపాటు చిక్కుడు గింజలును, చామంతి పిలకలును నాటుదుము. మా నాటు చిక్కుడును చామంతియు పగటిపొద్దు తరిగినగాని పూయవు. తొందరపడి ముందు నాటినందున లాభము లేదు. శ్రావణమున బంతినారు పోయుదుము.

మాకు పెద్దవానలు ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. గాలివానల కాలమును అదియే. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటినది. అట్టి గాలికి ఎత్తైన పందిళ్లు నిలువవు. అందుచే సరుగుడు గుంజలతో తక్కువ యెత్తుననే కట్టుదుము. అయినను ఈ వానలే నూతిలోని మీగడను మరల నింపునవి. ఇంటికప్పుమీది నీటిని వీధిపాలు చేయక, నూతికి సమీపమున గుంత త్రవ్వి, గులకరాళ్లు నింపి, దానిలోనికి మళ్లించుట ప్రతి గృహిణియు చేయించదగిన పని.

మార్గశిర పుష్యములు తోటకు పండుగ నెలలు. గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు కోయునప్పుడు, క్రింద పిందెలేని మగపూలనే కోయవలెను. బంతియు మిరపయు అమెరికాఖండమునుండి సముద్రములు దాటి వచ్చినవి. నేడు బంతి లేనిదే సంక్రాంతి లేదు, మిరప లేనిదే పచ్చడి లేదు. మల్లెకు ఈ దినములలో నీరు మాన్పి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పిమ్మట నెరువువేసి నీరుపెట్టినచో వేసవికి మొగ్గ దట్టముగా వచ్చును. మాఘమున రథసప్తమికి చిక్కుడాకులు కోసినపిమ్మట, మంచి కాయలను తీగెమీదనే ముదరనిచ్చి, గింజలను బూడిదలో కలిపి దాచుదుము.

మోటారు మీట నొక్కువానికి నీరు వచ్చుటయే తెలియును గాని, దాని రుచి మారుట తెలియదు. ఆ మార్పు చేద పట్టిన చేతికిని, పప్పు వండు కుండకును, పెరటిలోని చిక్కుడాకునకును ముందుగా తెలియును. అది కనిపెట్టిననాడు ఊరకుండక ఇరుగుపొరుగు వారితో చెప్పి, అందరును కలిసి తోడుట తగ్గించినచో నుయ్యి దక్కును. నుయ్యి దక్కినచో మన బిడ్డల జడలలోనికి మల్లెలును దక్కును.