ఎక్కడి వస్తువు అక్కడ

ఇంటిలో వస్తువులు పేరుకొనుటను గూర్చి వ్రాయుచున్నానని చెప్పగా, అది యాడువారి విషయము, పత్రికల కెందులకని నా మిత్రుడొకడు పెదవి విఱిచెను. అందుచేతనే వ్రాయుచున్నాను.

ఆంగ్లమున ఈ చిందరవందరకు 'క్లటర్' అను మాట కలదు. గడ్డకట్టుట అను అర్థముగల మాటనుండి అది పుట్టినది. ఈ పుట్టుక నాకు మిక్కిలి నచ్చినది. వస్తువులు అధికమగుట యొక్కటియే దోషము కాదు. కదలవలసిన వస్తువు కదలక నిలిచిపోవుటయే అసలు దోషము. వచ్చిన ఉత్తరము బల్లమీదను, విప్పిన చొక్కా కుర్చీమీదను, త్రాగిన గ్లాసు అరుగుమీదను గడ్డకట్టును. దానిపై మఱియొకటి చేరును. మొదటిది ఎవరిదో రెండుదినములకు ఎవరికిని జ్ఞాపకముండదు.

మా గోవాడ చెఱకు నేల. 2022 వఱకు విశాఖపట్టణము జిల్లాలోనుండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను బెల్లము మాఱలేదు. బెల్లపు పొయ్యి దగ్గఱ గడియసేపు నిలిచినవారికి నా భావము తెలియును. పెనములో రసము కాగుచుండగా మురికి నురుగై పైకి తేలును. దానికి సున్నమో, బెండ జిగురో కలిపి, తేలినదానిని తేలినట్లు తీసివేయుచునే యుండవలెను. పాకము ముదిరిన పిమ్మట తీసెదమన్నచో మురికి బెల్లములోనే నిలిచిపోవును. ఇంటి సంగతియు ఇంతే. కాని మనము సంవత్సరము పొడవున ముదరనిచ్చి, భోగికి ముందు వారము దినములు బూజులు దులిపి, అటక దించి, ఇల్లు బాగుపడినదని సంతోషింతుము. పాత చాపలను, విఱిగిన పీటలను మంటకు వేసిన కాలమున ఆ యాచారమునకు అర్థముండెను. అవి గడ్డియు కఱ్ఱయు. నేడు అటకనుండి దిగునవి ప్లాస్టిక్ డబ్బాలు, కరెంటు తీగలు, సంచులను దాచుకొనిన సంచులు. వానిని మంటలో వేసినచో విషపు పొగ. వేయనిచో సంక్రాంతి వెళ్లగానే అవి మరల అటకనెక్కును.

ఇంతకు, ఈ దించుటయు ఎక్కించుటయు చేయునదెవరు? 2019లో భారత ప్రభుత్వమువారు జనుల కాలవినియోగమును లెక్కించిరి. ఇంటిపనులు చేయువారిలో స్త్రీకి దినమునకు సగటున 299 నిమిషములు, పురుషునికి 97 నిమిషములు పట్టుచున్నట్లు తేలినది. అందులోను, ఇంటిపని చేయు పురుషులే కొలదిమంది. 2024లో మరల లెక్కింపగా ఆ సంఖ్యలు 289, 88 అయినవి. స్త్రీలకు పది నిమిషములు తగ్గినవని సంతోషించునంతలో పురుషులకును తొమ్మిది తగ్గినవి! అమెరికాలోని లాస్ ఏంజిల్స్ నగరమున కొన్ని కుటుంబములను పరిశీలించి 2010లో ప్రకటించిన పరిశోధన మఱియొక సంగతి తెలిపినది. తమ యిల్లు చిందరవందరగా నున్నదని వర్ణించిన భార్యల దేహమున, ప్రొద్దు గడచినకొలది తగ్గవలసిన కార్టిసాల్ అను రసము తగినంతగా తగ్గుటలేదట. భర్తలలో అట్టి సంబంధము కనబడలేదు. ఆ యిల్లు ఇరువురిదే. దాని బరువు మాత్రము ఒకరిది.

పరిశోధనలకొఱకు అమెరికా పోనక్కఱలేదు. మా అమ్మాయి పదవతరగతి చదువుచున్నది. ఒక సాయంకాలము అది లెక్కలు చేసికొనుచుండగా, దానికంటె రెండేండ్లు చిన్నవాడైన తమ్ముడు ఆటనుండి వచ్చి సంచి వసారాలో, చొక్కా ఉయ్యాలమీద విసరి స్నానమునకు పోయెను. "అమ్మడూ, తమ్ముడి చొక్కా తీసి దండేనికెయ్యే" అని మా అమ్మ కేక వేసెను. పిల్ల లేచెను. నేను ఊరకుండక లెక్కింప నారంభించితిని. దీపాల వేళనుండి భోజనము వఱకు అది ఇతరుల వస్తువులకొఱకు ఏడుసార్లు లేచినది. పిల్లవాడు ఒక్కమారును లేవలేదు.

"అమ్మా, రేపటినుండి ఎవరివి వారే తీసుకోవాలి" అంటిని.

"మగపిల్లడు, ఆడికేటి తెలుస్తాది? దీనికైతే రేపు అత్తోరింట్లో పనికొస్తాది" అని మా అమ్మ నిశ్చింతగా బదులుచెప్పెను.

వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పినది 1874లో. నాడు ఆడుపిల్లను బడికి పంపించుటయే గండము. నేడు పిల్ల బడికి పోవుచున్నది, మార్కులు తెచ్చుచున్నది. బడినుండి వచ్చిన తరువాత దాని కాలమెవరిదను ప్రశ్న మాత్రము ఉయ్యాలమీది చొక్కావలె ఎవరును తీయక అట్లే పడియున్నది. అమరకోశమున పరిగ్రహ శబ్దమునకు భార్య యనియు, పరిజనమనియు అర్థములున్నవి. యోగసూత్రములందలి అపరిగ్రహము వస్తువులను కూడబెట్టకుండుట. భార్యకును ఆస్తికిని ఒకే పేరు పెట్టిన జాతికి ఇల్లు సర్దుట ఎవరి పనియో సందేహము కలుగకపోవుటలో వింతయేమున్నది?

దీపము పెట్టుటకు ముందే ఇల్లు ఊడ్చుట మనకు పాత ఆచారమే. దానిని మా యింట కొంచెము పెంచితిమి. దీపమునకు పదినిమిషముల ముందు ఇంటనున్నవారందఱు తమతమ వస్తువులను మాత్రమే తీసి చోటు చేర్తురు. ఇతరులది ముట్టరాదు, ఈ నిషేధమే అన్నిటికంటె కష్టమైనది. ఉత్తరములు నిలుచుండియే విప్పి, అక్కఱలేనివి అప్పుడే చిత్తుబుట్టలో వేయవలెను. సంచులకొక డబ్బా, అది నిండినచో క్రొత్తసంచి ఇంటికి రాదు. కాలము చెల్లిన మందులు నెలకొకసారి చూడవలెను. మిగిలినవి ఎవరి యింటికి తగినట్లు వారు ఏర్పఱచుకొందురు. మన స్త్రీలు ప్రతి ఉదయము క్రొత్త ముగ్గు పెట్టుదురుగాని నిన్నటి ముగ్గును దాచుకొనరు గదా!

పిల్లవానికి అందునట్లు గోడకొక చిలుకకొయ్య కొట్టించితిని. రెండు నెలలైనది. చొక్కా సరిగా తగిలించునని చెప్పజాలను. ఒక చేయి నేలను తాకుచుండును. దానిని సర్దుటకు మా అమ్మ లేవబోవును, నేను కన్నులతో వారింతును. అమ్మాయి మాత్రము లెక్కల పుస్తకమునుండి తల యెత్తుటలేదు.

ఇక మాకు లొంగనిది ఒక్కటి మిగిలినది: శుభకార్యములలో ఇచ్చు స్టీలు గిన్నెలు. పుచ్చుకొననిచో అపచారము, పుచ్చుకొనినచో, వానిమీద దాత పేరు, తేది చెక్కియుండును గనుక మఱియొకరి కిచ్చుటకును వీలులేదు. మా అటకపై అట్టివి ముప్పదియొకటి గలవు. రాబోవు వైశాఖమున మా మేనకోడలి వివాహము. వచ్చినవారికి గిన్నెలకు మాఱు చిన్న బెల్లపు అచ్చులిచ్చినచో నెల తిరుగకుండ ఖర్చగునని నా భార్య చెప్పుచున్నది. పేరు లేని కానుకేటని మా అమ్మ ఇంకను సమ్మతింపలేదు.