మా గూటిలోని పుస్తకములు

మా యింటి నడిమింటి గోడకు ఒక గూడు కలదు. మా అత్తగారి దినములలో దానిలో గ్యాసునూనె బుడ్డి వెలుగుచుండెడిది. ఇప్పుడు దానిలో మా పిల్లల పుస్తకములున్నవి. గూడు చిన్నది; ముప్పది నలువది పుస్తకములకు మించి పట్టవు. కావున క్రొత్తది ఒకటి ఎక్కవలెనన్న పాతది ఒకటి దిగవలసినదే. ఏది ఎక్కవలెను, ఏది దిగవలెనను ఈ తగవులో మేము ఆరేండ్లుగా నలుగుచున్నాము. ఈ ఆరేండ్లలో మేము చేసిన తప్పును, దానివలన తెలిసివచ్చిన కొద్దిపాటి సంగతిని సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

జగిత్యాల జిల్లాలో ముత్యంపేట యను పేరుగల ఊరు ఒకటికి మించి యున్నది. కొండగట్టు ఆంజనేయస్వామి కోవెల యున్న ముత్యంపేట వేరు. మాది మల్లాపూర్ మండలములోని చక్కెర కర్మాగారపు ముత్యంపేట. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దానిని నమ్ముకొన్న ఇండ్లలో మగవారు కొందరు మస్కటుకు, దుబాయికి పోయిరి. ఆడవారి ఒడిలో బీడీల చేట మిగిలినది.

మా పెద్దపిల్ల బడి పేరు చెప్పినంతనే వణకి అన్నము మానుచుండెను. ఆ కథ ఇచ్చట వలదు. కడకు, పిల్లలిద్దరికిని ఇంటనే చదువు చెప్పుకొని, పదునాలుగేండ్లు నిండినపిదప సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయింతమని మావారును మేమును నిశ్చయించుకొంటిమి. లెక్కలకు, సైన్సుకు ప్రభుత్వపు పాఠ్యపుస్తకములే చాలును. చిక్కెల్ల కథల పుస్తకములతోనే వచ్చినది.

బడి మానిపించిన తల్లిదండ్రులకు తెలియకుండనే ఒక గర్వము పుట్టును. పిల్ల చెవిని పడు ప్రతి మాటయు తమ చేతిమీదుగానే పోవలెనని తలంతురు. మేమును అట్లే తలంచితిమి. మాది క్రైస్తవ కుటుంబము. గూటిలో మొదట పరిశుద్ధ గ్రంథమును, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను, బనియను వ్రాసిన ‘యాత్రికుని ప్రయాణము’ను పెట్టితిమి. అంతవరకు బాగుగనే యున్నది. తరువాత కరీంనగరములో కూటములకు పోయినప్పుడు పలుచని పుస్తకములు డజనునకు పైగా కొని తెచ్చితిమి. అవి పరదేశపు కథలు, ఎవరో తొందరపడి తెనిగించినవి. ప్రతిదానిలోను ఒక మంచిపిల్ల, ఒక చెడ్డపిల్ల. మంచిపిల్ల ప్రార్థించును, జబ్బు నయమగును. చెడ్డపిల్ల అబద్ధమాడును, కాలు విరుగును.

ఆ దినములలోనే మా పొరుగింటి ముసలమ్మ, మా పిల్లలు నాయినమ్మా యని పిలుచునామె, బియ్యపు సంచిలో ఏదో బరువు మోసికొని వచ్చినది. కర్మాగారములో పనిచేసి గతించిన ఆమె పెనిమిటి ఏండ్లతరబడి ‘చందమామ’లు కొని, ఏటికేడు విడిగా అట్టలు వేయించి దాచెనట.

“మా ముసలాయన పానం లెక్క సూసుకున్నడు బిడ్డా. మీ పిల్ల సదువుకుంటదని తెచ్చిన,” అన్నది.

మేము ఒక సంపుటము తెరచితిమి. చెట్టునుండి దిగిన శవము, భుజముపైని బేతాళుడు కనబడిరి. “ఇవి దయ్యాల కతలత్తా, మా యింట్ల వద్దు,” అంటిమి. కూర్చుండుమని కూడ అనలేదు. ఆమె మారుమాటాడక సంచిని నెత్తికెత్తుకొని వెడలినది. ఆమె గడప దాటి పోయిన తీరు మాకింకను కన్నులకు కట్టినట్లున్నది.

ఇంగ్లండు దేశపు ఉపాధ్యాయిని షార్లెట్ మేసన్ (1842–1923) ఇంటి చదువును గూర్చి విస్తారముగా వ్రాసిన విదుషి. పిల్లలకు జీవముగల పుస్తకములు ఈయవలెననియు, ఒకసారి చదివిన పిదప దానిని తమ మాటలలో తిరిగి చెప్పనీయవలెననియు ఆమె మతము. పరీక్షలు పెట్టుటకంటె ఇది సుళువుగా నున్నదని మేము అవలంబించితిమి. ఒక మంచిపిల్ల కథ చదివించి, చెప్పుమంటిమి. “మంచి పిల్లకు మంచిగైంది,” అని మా పిల్ల ఊరకుండెను. రెండవదానికిని అదే మాట. డజను పుస్తకములకు ఒకే వాక్యము! పిల్లది మందబుద్ధియేమో యని లోలోపల కుమిలితిమి. పుస్తకములలోనే అంతకంటె లేదని మాకు తోచుటకు ఏడాది పట్టినది.

తోపింపజేసినది మా వాడకట్టులోని బీడీల అరుగు. మధ్యాహ్నము పదిమంది స్త్రీలు ఆ అరుగుపై చేరి, తునికాకు కత్తిరించుచు, తంబాకు నింపి దారము చుట్టుచుందురు. ఒకనాడు మా పిల్ల తన పుస్తకము తీసికొనిపోయి వారికి బిగ్గరగా చదివి వినిపించెనట. మేము వెదకుచు పోవునప్పటికి, “ఆమె కన్నీళ్లలోనికి పగిలెను” అను వాక్యమువద్ద చదువు నిలిచియున్నది.

“ఏం పగిలింది బిడ్డా, కుండనా?” అని ఒకామె అడిగినది. అందరును నవ్విరి. మా పిల్లయు నవ్వెను. మాకు మాత్రము సిగ్గు వేసినది. ఆ వాక్యము తెలుగు కాదని తంబాకు చేతులవారు ఒక్క క్షణములో కనుగొనిరి. పుస్తకమునకు సొమ్ము చెల్లించిన మేము కనుగొనలేదు.

చేతులకు పనియుండి చెవులు ఖాళీగానుండు చోట పుస్తకము చదువుట క్రొత్త సంగతి కాదు. క్యూబా దేశమున, హవానా నగరపు చుట్టల కార్ఖానాలలో 1865 నుండియు ఈ యాచారము కలదు. పనివారే తమ కూలిలోనుండి కొంత కూడబెట్టి చదువరికి జీతమిచ్చెడివారు. ఏ నవల చదువవలెనో వారే నిర్ణయించెడివారు. బాగుగలేనిదానిని సాగనిత్తురా! అది తెలిసినపిదప మేము మా గూటి పుస్తకములను ఒక్కొక్కటిగా ఆ అరుగు మీదికి పంపితిమి.

చెప్పిన నమ్మరు, మొదట గెలిచినది రూతు గ్రంథము. అది నాలుగధ్యాయముల చిన్న కథ. కరవు వచ్చి ఒక కుటుంబము పరదేశమునకు పోవును. మగవారందరును అచటనే మరణింతురు. ముసలి అత్త ఒట్టి చేతులతో స్వదేశమునకు మరలును. పరజాతి కోడలు ఆమెను విడువక వెంట వచ్చి, పరాయివారి చేలలో పరిగె ఏరి పోషించును. పరిగె యనునప్పటికి ఆ స్త్రీలకు అర్థము చెప్ప పనిలేకపోయినది. వరికోతల వెనుక పరిగె ఏరినవారు అందులో నలుగురుండిరి. పరదేశమున పెనిమిటిని పోగొట్టుకొన్న యామెయు ఒకతె యుండెను. ఆమె చేట ప్రక్కకు పెట్టి, “కోడలు పుట్టింటికి పోలేదా మల్ల?” అని అడిగినది. వెయ్యి బీడీల లెక్కమీద కూలి దొరకువారు చేట ప్రక్కకు పెట్టుట సామాన్యము కాదు.

ఆ గ్రంథము పాత తర్జుమాలోనిదే, మేమిప్పుడు వ్రాయుచున్నట్టి గ్రాంథికపు తెలుగే. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన లండను మిషనువారు తెలుగు నేర్చి మొదలిడిన పనిలో కొన్ని సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయినవి. అటుపై ఎందరో దిద్దిరి. భాష పాతదైనను కథ అడ్డుపడలేదు. నేటి మాటలతోనున్న మంచిపిల్ల కథయే అడ్డుపడినది. కఠినముగనున్న భాష వేరు, ప్రాణములేని భాష వేరు అని మాకు అప్పుడు బోధపడినది.

ఆ సాయంకాలము మా పిల్ల రూతు కథను తన తమ్మునికి చెప్పుచుండగా వంటయింటినుండి వింటిమి. గంటసేపు చెప్పినది. నయోమి నడచివచ్చిన త్రోవలో మెట్‌పల్లి కూడ వచ్చినది, మేము దిద్దలేదు.

అప్పుడు చందమామలు జ్ఞప్తికి వచ్చినవి. 1947 జూలైలో చెన్నపట్టణమున నాగిరెడ్డి, చక్రపాణి గారలు వెలువరించిన ఆ పత్రికకు, 1952 మొదలు 1980లో తాను మరణించువరకు తెలుగును తీర్చినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. ఆయన హేతువాది. దయ్యములను నమ్మనివాడు బేతాళుని కథలు దిద్దుచుండగా, మేము ఆ దయ్యములకు జడిసి సంచిని త్రిప్పిపంపితిమి! ఆ కథలలో బేతాళుడు ఆరాధింపబడుట లేదు. అతడు కథ చెప్పి, ఎవరిది న్యాయమని అడుగును. వినువాడు ఆలోచించి తీర్పు చెప్పవలెను. మన ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానమో? అదియు ప్రశ్నతోనే ముగియును. దెబ్బలు తిన్నవానికి పొరుగువాడైనది ఎవరో ధర్మశాస్త్రోపదేశకునిచేతనే పలికించెను గాని తాను చెప్పలేదు. మా మంచిపిల్లల పుస్తకములలో చివర ప్రశ్న లేదు. జవాబు మొదటి పుటలోనే యున్నది. మా పిల్లకు తిరిగి చెప్పుటకు ఏమియు మిగులకపోవుటకు కారణమదియే.

పొరుగింటికి పోయితిమి. తప్పు మాదేనని ఒప్పుకొంటిమి. ఆమె కోపగించుకొనలేదు. “సదివేటోళ్లు లేరనుకున్న బిడ్డా. పోయిన ఎండకాలం కాయితాలాయనకు తూకానికేసిన,” అన్నది. అటుకమీద వెదకగా రెండు సంపుటములు మిగిలినవి. ముప్పదికి పైగా నుండెనట.

ఆ రెండును గూటిలోనికి ఎక్కినవి. మా సంఘములోని ఒక అక్కగారు చూచి, విశ్వాసుల యింట ఇవి యేల యని మందలించినది. ఆమె అడిగినది మా మేలు కోరియే. మేము గుఱ్ఱము జాషువగారి సంగతి చెప్పితిమి. 1895లో వినుకొండలో జన్మించిన ఆ మహాకవిని కులము పేరిట పండితులు కొందరు దూరము చేసిరి. పురాణ కథలను కావ్యములుగా వ్రాసెనని క్రైస్తవులలో కొందరు దూరము చేసిరి. ఆయన కాళిదాసు మేఘసందేశమును చదువకయే యున్నచో, అస్పృశ్యుడొకడు గబ్బిలముచేత కాశీనాథునికి తన మొర పంపుకొను 1941నాటి ‘గబ్బిలము’ పుట్టియుండునా? 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన ఆయన కావ్యము ‘క్రీస్తు చరిత్ర’యే. చదువవలదన్నవారి మాట ఆయన వినియుండిన ఆ పద్యములు మన దేవాలయములకు దక్కెడివి కావు. అక్కగారు ఆలోచింతునన్నది. ఇంకను ఆలోచించుచున్నది కాబోలు.

పండిత రమాబాయి చరిత్రమును ఆడపిల్లలున్న ప్రతి యింట నుంచవలెను. ఆమె తల్లి లక్ష్మీబాయి అడవిలోని కుటీరమున కూతునకు సంస్కృతము నేర్పెను. ఇంటి చదువు పాశ్చాత్యుల వింత యనువారికి ఇంతకంటె సమాధానము అక్కరలేదు. 1878లో కలకత్తా పండితులు ఆమెకు బిరుదములిచ్చిరి. తరువాత క్రీస్తును నమ్మి, హెబ్రీ గ్రీకు భాషలు నేర్చి, బైబిలునంతయు మరాఠీలోనికి తర్జుమా చేసి 1922లో గతించినది. సంస్కృతము చదివిన బుద్ధియే ఆ పనికిని అక్కరకు వచ్చినది.

మేము అన్నిటిని రానిచ్చుట లేదు సుమండీ. పొరుగువారి దేవతలను తిట్టు కరపత్రములు మనవారు వ్రాసినవే యైనను గూటిలో ఉండవు. నరకము చూపి పిల్లలను బెదరించునవియు ఉండవు. రాత్రి పక్క తడుపుకొను పిల్లకు ఏ భక్తి కలుగును? సినిమా తారల బొమ్మల పుస్తకములు పనికిమాలినవి; వానిని గూర్చి వ్రాయుట కూడ దండుగ.

డబ్బు లేదని వెనుదీయ నక్కరలేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయముల పేర మనము చెల్లించుచునే యున్నాము. కాబట్టి కోరుట్ల గ్రంథాలయమునకు పోవుటకు మొగమోటమేల? నేషనల్ బుక్ ట్రస్టువారివి, సికింద్రాబాదులోని మంచి పుస్తకమువారివి స్వల్ప వెలకే దొరకును. జపానుదేశపు తెత్సుకో కురొయనాగి వ్రాసిన ‘రైలుబడి’ని అట్లే సంపాదించితిమి. బడినుండి తీసివేయబడిన ఒక చిన్నపిల్ల పాత రైలుపెట్టెలలో నడచు క్రొత్త బడికి పోవును. అచటి ప్రధానోపాధ్యాయుడు మొదటినాడే నాలుగు గంటలసేపు ఆ పిల్ల చెప్పినదంతయు వినును. ఆ ఘట్టమును మా పిల్ల ఎన్నిమారులు చదివెనో లెక్కలేదు. చదివినప్పుడెల్ల పుస్తకము మూసి కొంతసేపు ఊరకుండును. మేము ఏమియు అడుగము.

చందమామ సంపుటములలో ఒకదాని కడపటి సంచికలో ఒక ధారావాహిక కథ ఆగిపోయినది. రాకుమారుడు గుహలో చిక్కుకొనియున్నాడు. తరువాతి యేటి సంపుటము కాగితములవాని తక్కెడలో పోయినది. మా పిల్ల నాలుగు దినములు బెంగపడి, నోటుపుస్తకము తెరచి మిగిలిన కథ తానే వ్రాసి, అరుగు మీద చదివినది. నాయినమ్మ దారము చుట్టుట ఆపి, “గట్ల కాదే. మా ముసలాయన వేరే సెప్పిండు. గుహల నీళ్లున్నయి,” అన్నది. నీళ్లుండిన దివిటీ ఎట్లు వెలుగునని మా పిల్ల వాదించినది. మిగిలినవారు రెండు పక్షములైరి. చీకటి పడువరకు తేలలేదు. మరునాడు పిల్ల నోటుపుస్తకమును, నాయినమ్మ చేటను తీసికొని అందరికంటె ముందే అరుగు చేరియున్నారు.