సైబర్ టవర్స్ చెంత చేర్యాల పటం

మాదాపూర్‌లో శిల్పారామం వెలిసింది 1992లో. సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది 1998లో. ఐటీ కన్నా ముందే ఇక్కడ చేతిపనికి చోటు దొరికింది. మొన్న అక్కడి అంగళ్లు చూస్తూ చేర్యాల బొమ్మల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

గోడకు మార్కండేయుడి కథ వేలాడుతోంది. పటం నేపథ్యమంతా ఎరుపు. పైన వినాయకుడు, సరస్వతి. ఆ కింద వరసగా కథ, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పూల అంచు. "గుడ్డ తయారుగానిదే బొమ్మ నిలవదు సార్" అన్నాడు అంగడాయన. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరాక కుంచెతోనే బొమ్మ గీసి, ఎరుపు నింపి, ఒంటి రంగులు వేసి, ఆఖరున నల్లగీత దిద్దుతారు. దగ్గరగా చూశాను: యముడి కనుబొమ్మ ఒక్క విసురులో లేచింది. లింగాన్ని వాటేసుకున్న పిల్లవాడి వేళ్లు ఎంత గట్టిగా బిగిశాయో ఆ సన్నగీతే చెబుతోంది.

ఇవి గోడల కోసం పుట్టిన బొమ్మలు కావు. నకాషీ చిత్రకారులు గీసిస్తే కథకులు ఊరూరా తిరిగి చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ.

జపాన్ చెక్క అచ్చుబొమ్మలూ జనం మెచ్చిన కథల నుంచి ఎంతో తీసుకున్నాయి. 1827 ప్రాంతంలో కునియోషి అనే చిత్రకారుడు ఒక చైనా నవలలోని వీరులను గీసి పేరు తెచ్చుకున్నాడు. గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, అద్దేది మరొకరు. అక్కడ ఒక బొమ్మ వేల ప్రతులై ఇళ్లకు చేరితే, ఇక్కడ ఒకే పటం ఊళ్లు తిరిగి వేలమందిని చేరింది.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేవి చింతగింజల ముద్ద, రంపపు పొట్టుతో చేసిన మాస్కులు. అవి కళాకారుల ఇల్లు నడుపుతున్నాయి, మంచిదే. కానీ పటాన్ని నిలబెట్టేది కథ. శిల్పారామం వేదికపై పటం కట్టి కథ చెప్పించాలి. చుట్టుపక్కల ఐటీ కంపెనీలు తమ గోడలకు పటాలు కొన్నప్పుడు కథకుణ్నీ పిలిపించాలి, సంభావన ఇవ్వాలి. కథ చెప్పేవారికి పిలుపు వస్తే కొత్త పటాలు కావాలి. కొత్త పటాలు కావలసివస్తే నకాషీ కుంచెకు పని దొరుకుతుంది.