చాపెల్ హిల్‌లో ఒక వేసవి పుస్తకం

అమెరికాలోని నార్త్ కరొలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ అనే ఊరు ఉన్నది. పూర్వం అక్కడి కొండమీద న్యూ హోప్ చాపెల్ అనే ఆంగ్లికన్ ప్రార్థనా మందిరం ఉండేది. ఊరికి ఆ పేరు అలా వచ్చింది. మందిరం ఇప్పుడు లేదు. దాని చెంత వెలసిన విశ్వవిద్యాలయం మాత్రం నిలిచి, పెరిగింది. 1793లో పునాదిరాయి వేసిన ఓల్డ్ ఈస్ట్ భవనాన్ని నేటికీ చూడవచ్చు. దానికి దగ్గరలోనే, స్తంభాల మండపం కింద ఓల్డ్ వెల్ అనే పాత బావి చోటున్నది. తరగతులు మొదలయ్యే రోజున అక్కడ నీళ్లు తాగితే మంచి మార్కులు వస్తాయని విద్యార్థులు సరదాగా చెప్పుకుంటారు.

1999లో ఈ విశ్వవిద్యాలయం ఒక మంచి అలవాటు మొదలుపెట్టింది. కొత్తగా చేరబోయే వారందరూ వేసవి సెలవుల్లో ఇంటివద్ద ఒకే పుస్తకం చదివి రావలసి ఉండేది. తరగతులకు ముందు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని దానిని గూర్చి మాట్లాడుకునేవారు. దానికి మార్కులు ఉండేవి కావు. పల్లెటూరి పిల్లకూ పట్నపు పిల్లవానికీ, ముఖపరిచయమైనా లేకమునుపే, కలిసి మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికేది.

2002లో దేశమంతా ఈ ఊరివైపు చూసింది. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరు 11న జరిగిన ఘోరం ఇంకా ఎవరూ మరువలేదు. ఆ వేసవికి ఎంచిన పుస్తకం, ఖురానులోని తొలి సూరాలకు ఆచార్య మైకేల్ సెల్స్ చేసిన అనువాదమూ వివరణా. సుమారు 3,500 మంది కొత్త విద్యార్థులు దానిని చదవాలి. చాలామంది తల్లిదండ్రులు కలవరపడ్డారు. యుద్ధాన్ని గూర్చిన భాగాలు అందులో లేవని కొందరు ఆక్షేపించారు. ప్రభుత్వ విద్యాలయం ఒక మతగ్రంథాన్ని ఎలా చదివిస్తుందని మరికొందరు కోర్టుకెక్కారు. చదవడం ఇష్టంలేనివారు, ఎందుకు చదవలేదో ఒక పేజీలో వ్రాసి తెస్తే చాలునని విశ్వవిద్యాలయం అన్నది. కార్యక్రమాన్ని ఆపడానికి కోర్టులు ఒప్పుకోలేదు. ఆగస్టు 19న చర్చలు జరిగాయి.

ఆ తల్లిదండ్రుల భయాన్ని తేలికగా తీసిపారవేయరాదు. పద్దెనిమిదేండ్ల బిడ్డ మొదటిసారి ఇల్లు విడిచి వెళ్తున్నప్పుడు ఏ తల్లి గుండె కుదురుగా ఉంటుంది? అయితే ఏథెన్సులో పౌలు ఏమి చేశాడో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో చూస్తాము. అతడు ఆ పట్టణస్థుల బలిపీఠాలను పరికించి చూశాడు, వారి కవులు చెప్పిన మాట ఎత్తి వారితో మాట్లాడాడు. అందువలన అతని విశ్వాసం సడలలేదు.

చాపెల్ హిల్‌లో మన మనసుకు బాగా తాకేది ఆ ఒక్క పేజీయే. చదివినవాడు తన తలంపు చెప్పాలి, చదవనివాడు తన కారణం చెప్పాలి. ఊరక ఉండిపోవడానికి మాత్రం వీలులేదు.

ప్రియ తల్లిదండ్రులారా, మన పిల్లలు కూడా ఒకనాడు పుస్తకాల పెట్టె సర్దుకుని దూరపు కాలేజీకి వెళ్తారు. అక్కడ వారి చేతికి ఏ పుస్తకం వస్తుందో మనం నిర్ణయించలేము. ఈ వేసవిలో వారితో కలిసి ఒక పుస్తకం చదివి, భోజనాల వేళ దానిని గూర్చి మాట్లాడుకోవడం మాత్రం మన చేతిలో పనే.