పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు

పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు అని మా నాయనమ్మ అంటుండేది. ఆ సామెత అర్థం నాకు ఒక శనివారం రాత్రి, మాడుగులపల్లిలో మా ఇంటి వరండాలో తెలిసివచ్చింది. మిత్రులు నవ్వవద్దు, పెళ్లి నాది కాదు, నా కంప్యూటరుది.

యాసంగి వడ్లు అమ్మిన డబ్బులోంచి పదకొండు వేలు పెట్టి నాయిన నాకు మిర్యాలగూడలో ఒక పాత ల్యాప్‌టాప్ కొనిపెట్టాడు. ఎరువుల బాకీ తీరకముందే ఇదెందుకని అమ్మ గొణిగింది కూడా. ఆ మిషన్ తెరుచుకునే లోపల చాయ తాగి రావచ్చు. డెబియన్ వేసుకో, పాతవి కూడా చురుగ్గా నడుస్తాయి అన్నాడు మా సీనియర్ ఒకాయన. 1991లో హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, ఇంచుమించు నా ఈడువాడే, మొదలుపెట్టిన లినక్స్ మీద కట్టిన వ్యవస్థ అది. పైసా కట్టనక్కరలేదు. మన స్వేచ్ఛ బృందం వారి తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా అదే ఆధారం.

కాలేజీలో చిన్న ఇన్‌స్టాలరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని వచ్చాను. చిన్నదంటే అందులో పునాది మాత్రమే ఉంటుంది, మిగతా ఇల్లంతా నెట్‌లోంచి దిగాలి. నెట్‌వర్క్ కార్డు దొరకలేదని అది మధ్యలో చెబితే, తర్వాత చూద్దాంలే అని ముందుకు నొక్కాను. డిస్కు తుడిచేయనా అంటే ఊఁ అన్నాను. చివరికి మిగిలింది నల్లటి తెర, దాని మూల ఆరుతూ వెలుగుతూ ఒక తెల్లగీత. సోమవారం ప్రాజెక్టు రికార్డు ఇవ్వాలి. అదేమో మెయిల్‌లో ఉంది!

వైఫై చిప్పు పనిచేయాలంటే డ్రైవరు కావాలి. కొన్ని కంపెనీలు దాని లోగుట్టు బయటపెట్టవు. అట్లా మూసి ఇచ్చిన ఫర్మ్‌వేర్‌ను కూడా ఇన్‌స్టాలరులో చేర్చాలని డెబియన్ వారు 2022లో ఓటు వేసి నిర్ణయించారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి అమలైంది. దానితో ఎందరి బాధో తీరింది. నా చిప్పుకు మాత్రం ఫర్మ్‌వేరొక్కటే చాలదు, డ్రైవరునే తెచ్చి ఈ మిషన్ మీద కంపైలు చేయాలి. నెట్ రావాలంటే డ్రైవరు, డ్రైవరు రావాలంటే నెట్. నాయనమ్మ సామెతే!

పొలం నుంచి వచ్చిన నాయిన తెర వంక చూసి, "ఖరాబైందా బిడ్డా?" అన్నాడు.

"లేదు నాయినా" అన్నాను. గొంతు మాత్రం ఎండిపోయింది.

సీనియరుకు ఫోన్ చేస్తే, ఫోన్‌నే వైరుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టమన్నాడు. ఫోన్‌ను నెట్‌వర్క్ కార్డుగా చూపించే డ్రైవరు లినక్స్ కెర్నల్‌తోనే వస్తుందట. కలిపాను. ఏమీ కాలేదు. అరగంట తిప్పలు పడ్డాక తెలిసింది, నా వైరు ఛార్జింగుకే తప్ప డేటాకు పనికిరాని రకం. చెల్లె వైరు, చెల్లె ఫోను బతిమాలి తెచ్చి, నాలుగు వరుసలు టైపు చేస్తే నెట్ వచ్చింది!

సంగతేమిటని నాయిన అడిగితే చెప్పాను. "అంటే, మోటరు నీళ్లెత్తకపోతే బకెట్టెడు నీళ్లు తెచ్చి పోస్తమే, గట్లనా?"

అచ్చం అంతే. పైపులో గాలి చేరితే మోటరు ఊరికే తిరుగుతుంది. నీళ్లు లాగడానికి ముందు కొన్ని నీళ్లు దానికి పోయాలి. చిన్నప్పటి నుంచి ఆ బకెట్టు మోసినవాణ్ణి నేనే, నాకు తట్టలేదు.

పదిన్నరకు చెల్లె ఫోనులో ఆ రోజు డేటా అయిపోయింది. పన్నెండు దాకా ఆగాలి. నాయిన పడుకోలేదు. 2018 జనవరి 1న ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలయ్యేదాకా రాత్రి కరెంటు కోసం బాయికాడ కాచుకున్న మనిషి ఆయన. గంటన్నర ఆయనకొక లెక్క కాదు. ఈసారి యూరియా ధర గురించి, చెల్లె ఇంటర్ గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం.

పన్నెండు దాటాక మళ్లీ మొదలైంది. డ్రైవరు కంపైలయ్యేసరికి రెండు. వైఫై జాబితాలో చెల్లె ఫోను పేరు కనబడింది. వైరు పీకాను, నెట్ ఆగలేదు. చెబుదామని తిరిగి చూస్తే నాయిన మంచం మీద కూర్చునే నిద్రపోతున్నాడు.

తెల్లవారి తన డేటా చూసుకొని చెల్లె పెట్టిన గోల ఈ సంచికలో వ్రాయతగినది కాదు.