కొంగున తాళంచెవి

తుపాకీ బేరానికి నన్ను తోడు రమ్మన్నారంటే మీరు నమ్మరు. పట్టుచీరల బేరానికీ, పెళ్ళి సంబంధాల మాటలకూ నన్ను వెంటబెట్టుకు వెళ్ళినవారున్నారు గానీ, ఇలాంటి పిలుపు రావడం నలభై దాటాక ఇదే మొదలు. పిలిచింది మా అన్న. "చెల్లే, నవలలు రాస్తవు గదా, కాగితాలు నీకైతే సమజైతయ్. ఒక్కసారి వచ్చిపో" అన్నాడు ఫోనులో.

అన్న ఉండేది బాల్కొండలో. బాపు వదిలిపోయిన నాలుగెకరాల్లో పసుపు, దాని నడుమ అంతరపంటగా మక్క వేస్తాడు. మక్క కంకులు పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగుతాయి. తినేది కొంత, తొక్కి పాడుచేసేది కొండంత. కంకి కోసం వచ్చినవి పసుపు మొక్కలను కూడా పెళ్ళగించి పోతాయి. నెల రోజులుగా మంచె మీద పడుకుని, డబ్బా వాయించి, టపాసులు కాల్చి అన్న కళ్ళు గుంటలు పడ్డాయి. అంతలో ఎవరో చెప్పారట, ఆర్మూరు వైపు ఒక పల్లెలో ఓ పెద్దాయన తన పాత పాయింట్ ట్వంటీ టూ రైఫిల్ అమ్ముతున్నారని.

నేను చదివిన బి.ఏ.లో కాళిదాసు ఉన్నాడు గానీ తుపాకీ లేదు. అందుకని బయలుదేరే ముందు 1959 నాటి ఆయుధాల చట్టం తిరగేశాను. చదివేకొద్దీ మా అన్న ఎన్ని గడపలు దాటాలో తెలిసివచ్చింది. కొనేవారి పేర ముందే లైసెన్సు ఉండాలి. అమ్మేవారు ఫలానావారికి అమ్మబోతున్నానని జిల్లా మేజిస్ట్రేటుకో, పోలీస్ స్టేషన్లోనో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. పంట కాపలాకని ఆ చట్టం పేరుపెట్టి చెప్పింది గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీని, మన పల్లెల్లో భర్మారు అంటారే, దాన్ని. రైఫిల్ మాట అక్కడ లేదు. ఇవన్నీ దాటి తుపాకీ చేతికొచ్చినా, పందిని కొట్టడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేరే అనుమతి కావాలి.

కారులో ఇదంతా చెబితే, "ముందుగాల వస్తువు చూద్దాం తియ్" అన్నాడు అన్న. వెనక సీట్లో వదినె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎవరూ రమ్మనకుండానే ఆమె ఎందుకు బయలుదేరిందో నాకప్పుడు తెలియలేదు.

పెద్దాయన నడుము పడిపోయి మంచంలో ఉన్నారు. వారి భార్య కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి, ఇనపపెట్టె తెరిచారు. పాత నేతచీరలో చుట్టి ఉంది రైఫిల్. అన్న దాన్ని వెలుతురుకు పట్టి గొట్టంలోంచి చూశాడు. నన్నూ చూడమన్నాడు. లోపల సన్నని మెలికల గాడులు. అవే గుండును బొంగరంలా తిప్పి సూటిగా పంపుతాయట. ఒకచోట మాత్రం తుప్పు మచ్చ కనిపించింది.

"ఇది గురి నేర్చుకునేటోళ్ళకు మంచిది గానీ పందికి చాలది నాయనా" అన్నారు పెద్దాయన. "గాయమైతది, చావదు. గాయమైన పంది మనిషి మీదికొస్తది. గుండు చూస్తే ఇంతే, గురి తప్పితే కిలోమీటరు దాటి పోతది. చీకట్ల అవతలి మంచె మీద ఎవలున్నరో నీకెట్ల ఎరుక?"

అమ్మేవారే సరుకు లోపాలు చెప్పడం ఏ చీరల కొట్లోనూ నేను చూడలేదు. అన్న ముఖం చిన్నబోయింది. "బెదిరిచ్చెతందుకన్న పనికొస్తది గదా పెద్దయ్యా" అన్నాడు.

అప్పుడా ఇల్లాలు చీర మడతలు సర్దుతూ వదినెతో అన్నారు: "ముప్పై ఏండ్ల సంది ఈ తాళంచెవి నా కొంగుకే ఉంది బిడ్డా. పోరగాండ్లు ఎదుగుతున్నప్పుడు, ఈయనకు కోపమొచ్చినప్పుడు, ఇంట్ల లొల్లి అయినప్పుడు, ముందుగాల నా చెయ్యి కొంగు మీదికే పోయేది. అది చేను కాసిందో లేదో గానీ, దాన్ని మాత్రం నేను కాసిన."

వదినె అంతసేపటికి నోరు విప్పింది. "నాకింకో తాళంచెవి వద్దు" అంది. అన్న మారుమాట లేకుండా రైఫిల్‌ను చీరలో పెట్టేశాడు.

ఇంకో తాళంచెవి ఏమిటి? ఆ రాత్రి వంటింట్లో అడిగాను. పసుపు ధర పడిపోయిన రోజుల సంగతి చెప్పింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు నుంచి 185 మంది పోటీ చేశారే, వారిలో 170 మందికి పైగా గిట్టుబాటు ధర కోసం నిలబడ్డ పసుపు, ఎర్రజొన్న రైతులే. ఆ రోజుల్లో అన్న రాత్రిళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా వాకిట్లో కూర్చునేవాడట. వదినె పురుగుమందు డబ్బాలన్నీ కొట్టుగదిలో పెట్టి, తాళం వేసి, చెవి కొంగున కట్టుకుంది. ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

"నాకు చెప్పొద్దా?" అన్నాను.

"ఏమని చెప్పాలె?" అంది.

నిజమే. ఆ ఏడాది నేను సీరియల్ హడావుడిలో ఉన్నాను. నెలకోసారి ఫోను చేసి "పసుపు ఎట్లుంది?" అనేదాన్ని. "ఉంది" అనేవాడు అన్న. కథల్లో మనుషుల మనసులన్నీ విప్పి చూపించే నేను, ఆ ఒక్క "ఉంది"తో ఊరుకున్నాను.

రైఫిల్ కొనలేదు. మా వైపు చేల చుట్టూ పాతచీరలు కట్టడం మీరు చూసే ఉంటారు. వదినె కూడా అదే పని చేసింది. నేనూ ఓ మూట పంపాను. పందులు పూర్తిగా మానలేదు, అన్న మంచె దిగనూ లేదు. మొన్న వెళ్ళినప్పుడు నా తొలి నవల పారితోషికంతో కొనుక్కున్న వంగపండు రంగు చీర మక్కచేనుకు కాపలా కాస్తోంది.

వదినె కొంగున తాళంచెవి అలాగే ఉంది. ఇప్పుడు ఫోను చేస్తే నేను పసుపు సంగతి తర్వాత అడుగుతాను. ముందు, "అన్నా, రాత్రి నిద్ర పట్టిందా?" అంటాను.